అధ్యక్షుడు భారీగా గెలిచినా సెనేట్ ఎందుకు కదలదు?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "2008లో ఒబామా 365 ఎలక్టోరల్ ఓట్లతో గెలిచాడు. సెనేట్‌లో అతని డెమోక్రాటిక్ పార్టీకి 60 మంది ఉన్నారు. 2012లో మళ్లీ గెలిచాడు. అయినా ఎనిమిదేళ్లూ రిపబ్లికన్లు అడ్డుకున్నారన్న మాటే విన్నాం. ఓడిపోయినవాళ్లకి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చింది? ప్రజాతీర్పుకి విలువే లేదా?"

నేను అమెరికాలో ఉండబట్టి చాలా ఏళ్లయింది. గ్రీన్ కార్డు క్యూలో ఇరుక్కున్నవాళ్ల తరఫున సెనేటర్ల ఆఫీసుల చుట్టూ తిరిగిన బ్యాచ్‌లో నేనూ ఒకణ్ణి. ఆ తిరుగుడు వల్ల ఈ సభ నడిచే తీరు కాస్త దగ్గర్నుంచి చూశాను. సూటిగా చెప్పేస్తాను. సెనేట్‌లో ఒక పని ఆపడానికి మెజారిటీ అక్కర్లేదు. ఆపినవాడికి పెద్దగా ఖర్చు లేదు, శ్రమా లేదు. పని ఆగిపోయిందన్న చెడ్డపేరు మాత్రం అధ్యక్షుడికే వస్తుంది. ఇలాంటి చోట ఓడిన పార్టీ సహకరిస్తే ఆశ్చర్యపోవాలి గానీ అడ్డుకుంటే కాదు.

ముందు ఆ 60 సంగతి తేల్చుకుందాం. వందమంది సెనేట్‌లో అడ్డుకునేవాళ్లని దాటి బిల్లుని ఓటింగ్‌కి తేవాలంటే 60 కావాలి. ఎందుకంటే "రెండేళ్లు 60 మంది చేతిలో ఉండి కూడా ఏం చెయ్యలేకపోయాడు" అనేవాళ్లు మనవాళ్లలోనూ చాలామంది ఉన్నారు.

2009 జనవరిలో డెమోక్రాట్ల బలం, వాళ్లతో కలిసి కూర్చునే ఇద్దరు స్వతంత్రులతో కలిపి, 58. ఏప్రిల్ 28న పెన్సిల్వేనియా సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ రిపబ్లికన్ పార్టీ వదిలి ఇటు వచ్చాడు, 59 అయ్యింది. మిన్నెసోటాలో అల్ ఫ్రాంకెన్ కేవలం 312 ఓట్ల తేడాతో గెలిచాడు. రీకౌంటింగ్, కోర్టు కేసులు అన్నీ తేలి ప్రమాణం చేసేసరికి జులై 7. అప్పటికి లెక్క 60. కానీ ఆ 60లో టెడ్ కెనెడీ మెదడు క్యాన్సర్‌తో మంచాన ఉన్నాడు, ఆగస్టు 25న చనిపోయాడు. ఆయన స్థానంలో పాల్ కిర్క్ సెప్టెంబర్ చివర్లో వచ్చాడు. 2010 జనవరి 19న ఆ సీటుకి జరిగిన ఉప ఎన్నికలో రిపబ్లికన్ స్కాట్ బ్రౌన్ గెలిచాడు, ఫిబ్రవరి 4న ప్రమాణం చేశాడు. అంతే, 60 పోయింది. నికరంగా వాడుకోవడానికి దొరికింది నాలుగు నెలల పైచిలుకు. రెండేళ్లు కాదు.

ఆ నాలుగు నెలల్లో వైద్య బీమా బిల్లు ఒక్కటి సెనేట్ దాటించడానికి పడ్డ పాట్లు చూస్తే మిగతాదంతా అర్థమవుతుంది. 2009 డిసెంబర్‌లో వాషింగ్టన్ మంచులో కూరుకుపోయిన వారాంతం. 21వ తేదీ రాత్రి ఒంటిగంటకి కీలకమైన ఓటింగ్ పెట్టారు. వెస్ట్ వర్జీనియా సెనేటర్ రాబర్ట్ బర్డ్‌కి అప్పటికి 92 ఏళ్లు. ఆ చలిలో, ఆ వేళలో ఆయన్ని చక్రాల కుర్చీలో సభకి తీసుకొచ్చారు. ఓటింగ్ 60-40. బర్డ్ రాకపోతే 59, బిల్లు అక్కడితో ఆగేది. అవతలివైపు 40 మందీ ఇంట్లో దుప్పటి కప్పుకుని పడుకున్నా ఫలితం మారేది కాదు. ఎందుకంటే ఇక్కడ నియమం "హాజరైనవాళ్లలో ఎక్కువమంది" అని కాదు, "మొత్తం సభలో అయిదింట మూడు వంతులు" అని. రానివాడి ఓటు "వద్దు" కిందే లెక్క. భారమంతా పని జరగాలనుకునేవాళ్ల నెత్తిమీదే ఉంటుంది. క్రిస్మస్ ముందురోజు పొద్దున్నే బిల్లు 60-39తో పాసైంది. అప్పటికి ఆ 60 మందిలో ప్రతి ఒక్కరి దగ్గరా వీటో ఉన్నట్టే కాబట్టి, స్వతంత్ర సెనేటర్ జో లీబర్‌మన్ వద్దన్నాడని ప్రభుత్వ బీమా పథకం పక్కకి పోయింది, నెబ్రాస్కా సెనేటర్ బెన్ నెల్సన్ బేరం నెల్సన్ ఆడుకున్నాడు. స్కాట్ బ్రౌన్ గెలిచాక మిగిలిన సవరణలను బడ్జెట్ దారిలో, అంటే రికన్సిలియేషన్ అనే పద్ధతిలో, 56-43తో నెట్టుకొచ్చారు. ఆ దారిలో 51 చాలు, కానీ పన్నులు, ఖర్చులకు సంబంధించినవే పెట్టాలి.

ఇక్కడ మనకి అలవాటైన లెక్కలు పక్కన పెట్టాలి. మన రాజ్యసభ ఒక బిల్లు ఆపితే ఉమ్మడి సమావేశం పిలవొచ్చు, ద్రవ్య బిల్లయితే అదీ అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో శాసనమండలి మూడు రాజధానుల బిల్లుని సెలెక్ట్ కమిటీకి పంపిస్తే, అయిదు రోజుల్లో మండలినే రద్దు చెయ్యమని అసెంబ్లీ తీర్మానం చేసింది గుర్తుందిగా. అమెరికాలో అలాంటివేవీ కుదరవు. సెనేట్ కాదంటే కాదు. రెండోది, విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోయే చట్టం అక్కడ లేదు. పార్టీ నాయకుడు బతిమాలగలడు, కమిటీ పదవులతో ఊరించగలడు, అంతకుమించి ఏమీ చెయ్యలేడు.

మరి ఫిరాయింపుల చట్టం లేకుండానే రిపబ్లికన్లు అంత కట్టుగా ఎలా ఉన్నారు? నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే.

2009 జనవరి 20, ఒబామా ప్రమాణస్వీకారం రోజు రాత్రి, వాషింగ్టన్‌లోని ఒక రెస్టారెంట్‌లో ఎరిక్ కాంటర్, కెవిన్ మెకార్తీ, పాల్ రయన్, జిమ్ డిమింట్, న్యూట్ గింగ్రిచ్ లాంటి రిపబ్లికన్ నాయకులు భోజనానికి కలిశారు. మొదటి రోజు నుంచే కలిసికట్టుగా ఎదిరించాలనుకున్నారు. మూడు వారాల తర్వాత 787 బిలియన్ డాలర్ల ఆర్థిక ఉద్దీపన బిల్లు ఓటింగ్‌కి వస్తే ప్రతినిధుల సభలో ఒక్క రిపబ్లికన్ ఓటూ పడలేదు. సెనేట్‌లో ముగ్గురు వేశారు: సూసన్ కాలిన్స్, ఒలింపియా స్నో, ఆర్లెన్ స్పెక్టర్. దేశంలో నెలకి లక్షల ఉద్యోగాలు ఊడిపోతున్న రోజులవి.

ఆ విందులో సెనేట్ రిపబ్లికన్ల నాయకుడు మిచ్ మెకానెల్ లేడు. కానీ సెనేట్‌లో వ్యూహమంతా ఆయనదే. "ఒబామాని ఒక్క టర్మ్ అధ్యక్షుడిగా మిగల్చడమే మా అన్నిటికన్నా ముఖ్యమైన లక్ష్యం" అనే అర్థంలో ఆయనన్న మాట బాగా తిరుగుతుంది. చాలామంది అది ప్రమాణస్వీకారం నాడే అన్నాడనుకుంటారు. కాదు, 2010 అక్టోబర్‌లో, మధ్యంతర ఎన్నికల ముందు ఒక ఇంటర్వ్యూలో అన్నాడు. తేదీ తేడా చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, డెమోక్రాట్లు దాన్ని మొదటి రోజు కుట్రకి రుజువుగా చూపిస్తుంటారు కాబట్టి సరిచెయ్యడం న్యాయం. నిజానికి మెకానెల్ ఆలోచన అంతకన్నా తెలివైనది. ఒక బిల్లుకి రెండు పార్టీల వాళ్లూ ఓటేస్తే, గొడవ తేలిపోయిందని, ఇది అందరికీ మంచిదేనని మామూలు జనం అనుకుంటారు. అందుకే ఆ ప్రతిపాదనల మీద తమ వేలిముద్రలు పడకుండా చూసుకున్నామని ఆయనే తర్వాత ఒక పత్రిక్కి చెప్పాడు. ఒక్క రిపబ్లికన్ కూడా చెయ్యి కలపకపోతే ఎంత మధ్యేమార్గపు బిల్లయినా టీవీలో "వివాదాస్పద బిల్లు" అయిపోతుంది. 2010 నవంబర్‌లో ప్రతినిధుల సభలో రిపబ్లికన్లు 63 సీట్లు అదనంగా తెచ్చుకున్నారు. వాళ్లు వేసుకున్న లెక్క ఫలించింది.

దీన్నంతా ఒక్క మనిషి దురుద్దేశం కింద కొట్టేస్తే మాత్రం విషయం సగమే చూసినట్టు. 2008 నవంబర్ 4న దేశం ఒబామాని గెలిపించిన రోజే కెంటకీ రాష్ట్రం మెకానెల్‌ని మళ్లీ గెలిపించింది. ఆ రాష్ట్రంలో ఒబామాకి వచ్చింది 41 శాతం. "నాదీ ప్రజాతీర్పే, నా ఓటర్లు నన్ను పంపింది ఆయన్ని ఆపడానికే" అని మెకానెల్ అంటే తప్పు పట్టలేం. సెనేటర్ పదవీకాలం ఆరేళ్లు, రెండేళ్లకోసారి మూడోవంతు సీట్లకే ఎన్నికలు. అంటే ఏ అధ్యక్షుడు ఎంత గాలిలో గెలిచినా ఆ గాలి సెనేట్‌లో మూడింట రెండు వంతుల మందిని తాకదు. ప్రశ్నలో "ప్రజాతీర్పు" అని ఏకవచనంలో అడిగారు. అక్కడ ఒకేసారి మూడు నాలుగు తీర్పులు అమల్లో ఉంటాయి.

ఇక భయం. అమెరికాలో సెనేటర్‌ని ఓడించేది తరచుగా ఎదుటి పార్టీ కాదు, సొంత పార్టీ ప్రైమరీ, అంటే అభ్యర్థిని ఎంచుకునే పార్టీ లోపలి ఎన్నిక. స్పెక్టర్ పార్టీ మారింది సిద్ధాంతం కోసం కాదు, ఉద్దీపన బిల్లుకి ఓటేశాక సొంత పార్టీ ప్రైమరీలో ప్యాట్ టూమీ చేతిలో ఓడిపోతానని తెలిసి. 2010 మేలో యూటా సెనేటర్ బాబ్ బెనెట్‌కి పార్టీ మహాసభలోనే టికెట్ దక్కలేదు. ఆయనేం ఉదారవాది కాదు, బ్యాంకులని ఆదుకునే బిల్లుకి ఓటేశాడు, అంతే. 2012 మేలో ఇండియానాలో ఆరుసార్లు గెలిచిన రిచర్డ్ లూగర్ ప్రైమరీలో ఓడిపోయాడు. ఒబామా ప్రతిపాదించిన సుప్రీంకోర్టు జడ్జీలకి ఓటేశాడన్నది ఆయన మీద మోపిన నేరాల్లో ఒకటి. ఈ మూడు తలలు తెగాక మిగతావాళ్లకి విప్ ఎందుకు?

ఆపే పద్ధతి గురించి. ఫిలిబస్టర్, అంటే చర్చ ముగియనివ్వకుండా అడ్డుకోవడం, అనగానే నిలబడి గంటల తరబడి మాట్లాడే మనిషి కళ్లముందుకొస్తాడు. 1957లో పౌరహక్కుల బిల్లు మీద స్ట్రామ్ థర్మండ్ 24 గంటల 18 నిమిషాలు మాట్లాడిన మాట నిజమే. ఇప్పుడు ఆ శ్రమ లేదు. 1970ల మొదట్లో సభ పనిని రెండు ట్రాకులుగా విడదీశారు. ఆగిపోయిన బిల్లుని పక్కన పెట్టి ఇంకో పని చూసుకోవచ్చన్నమాట. ఉద్దేశం మంచిదే, సభ మొత్తం స్తంభించకూడదని. ఫలితం ఏమిటంటే, అడ్డుకునేవాడు నోరు విప్పాల్సిన అవసరం కూడా పోయింది. "మేం ఒప్పుకోం" అని కబురు పంపితే చాలు. 1975లో గడప మూడింట రెండు వంతుల నుంచి 60కి తగ్గించారు, కానీ మాట్లాడే బాధ్యత తీసేశాక ఆ తగ్గింపు వల్ల ఒరిగిందేం లేదు.

ఆ సభ రోజువారీ పని నడిచేది ఏకగ్రీవ అంగీకారం మీద. ఒక నామినేషన్ ఎత్తుకోవాలన్నా, చర్చకి టైమ్ పెట్టాలన్నా, వందమందిలో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే నిమిషంలో అయిపోతుంది. ఒక్కరు చెబితే పెద్దదారిలో వెళ్లాలి. 16 మంది సంతకాలతో క్లోచర్ మోషన్, అంటే చర్చ ముగించాలన్న తీర్మానం, వెయ్యాలి, మధ్యలో ఒక రోజు గడవాలి, తర్వాత ఓటింగ్, 60 వచ్చాక కూడా మరో 30 గంటల దాకా ఆగాలి. ఒబామా మొదటి టర్మ్‌లో సోమవారం మొదలెడితే ఒక్క జడ్జి నియామకానికి గురువారం అయ్యేది. సెనేట్ ఆమోదం కావాల్సిన పోస్టులు 1,200కి పైగా ఉన్నాయి.

నేను గ్యాలరీలో కూర్చుని చూసిన ఆ 30 గంటల్లో ఒక ముక్క చెబుతాను. ఫోన్లు బయటే పెట్టించుకుంటారు కాబట్టి చూడ్డం తప్ప వేరే పని ఉండదు. కింద వంద బల్లలు, మనుషులు దాదాపు సున్నా. గుమాస్తా ఒక పేరు చదువుతాడు, "మిస్టర్ అలెగ్జాండర్." చాలాసేపు నిశ్శబ్దం. ఇంకో పేరు. మళ్లీ నిశ్శబ్దం. కోరం కోసం హాజరు తీసుకుంటున్నట్టు పైకి కనిపిస్తుంది. నిజానికి ఎవరినీ రమ్మని కాదు, గడియారం ముళ్లు తిరగాలని. టీవీలో సీ-స్పాన్ 2 చానల్ చూసేవాళ్లకి ఈ టైమ్‌లో శాస్త్రీయ సంగీతం వినిపిస్తుంది. ప్రపంచంలో అతి గొప్ప చర్చా సభ అని వీళ్లు చెప్పుకునే చోట అది.

ఒక ఉదాహరణ చాలు. వర్జీనియా జడ్జి బార్బరా కీనన్‌ని ఒబామా నాలుగో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టుకి ప్రతిపాదించాడు. నెలలు గడిచాయి. చివరికి 2010 మార్చి 2న క్లోచర్ ఓటింగ్ పెడితే 99-0. తర్వాత నియామకం మీద ఓటింగ్, మళ్లీ 99-0. ఒక్కరికీ ఆమె మీద అభ్యంతరం లేదు. అయినా నెలలు నెట్టారు, ఎందుకంటే ఆమె కోసం ఖర్చయిన ప్రతి గంటా ఇంకో బిల్లుకి దక్కని గంట. సెనేట్‌లో అసలు కరెన్సీ టైమే. అదే ఏడాది ఫిబ్రవరిలో అలబామా సెనేటర్ రిచర్డ్ షెల్బీ ఒక్కడే 70కి పైగా నామినేషన్ల మీద హోల్డ్ పెట్టాడు, అంటే ఒప్పుకోనని ముందే కబురు పంపి ఆపేశాడు. ఆ మనుషులతో ఆయనకి ఏ పేచీ లేదు. తన రాష్ట్రానికి రావాల్సిన వైమానిక ట్యాంకర్ల కాంట్రాక్టు గురించి, ఒక ఎఫ్‌బీఐ కేంద్రం గురించి బేరం.

2012కి వద్దాం. ఒబామా 332-206తో మళ్లీ గెలిచాడు. "ఇప్పుడు జ్వరం దిగుతుంది" అని డెమోక్రాట్లు నిజంగానే ఆశపడ్డారు. డిసెంబర్ మొదటివారంలో రెండు రోజుల తేడాతో రెండు సంఘటనలు జరిగాయి.

డిసెంబర్ 4న వికలాంగుల హక్కుల అంతర్జాతీయ ఒప్పందం ఓటింగ్‌కి వచ్చింది. అది 1990లో రిపబ్లికన్ అధ్యక్షుడు పెద్ద బుష్ సంతకం పెట్టిన అమెరికా చట్టం నమూనాలోనే తయారైంది. బాబ్ డోల్ ఒకప్పుడు ఇదే సభలో రిపబ్లికన్ నాయకుడు, రెండో ప్రపంచ యుద్ధంలో చెయ్యి పోగొట్టుకున్నంత పనైన సైనికుడు, 1996లో ఆ పార్టీ అధ్యక్ష అభ్యర్థి. 89 ఏళ్ల వయసులో చక్రాల కుర్చీలో సభలోకి వచ్చాడు, వెంట భార్య ఎలిజబెత్ డోల్, ఆమే మాజీ సెనేటర్. పాత సహచరులు ఒక్కొక్కరే వచ్చి చెయ్యి కలిపారు, పలకరించారు. డోల్ దంపతులు వెళ్లాక వాళ్లలో చాలామంది "వద్దు" అని ఓటేశారు. 61-38. ఒప్పందాలకి మూడింట రెండు వంతులు కావాలి, అంటే ఆ రోజు 66. అయిదు తక్కువైంది. ఇది ఫిలిబస్టర్ కాదు, రాజ్యాంగం పెట్టిన గడప. వాళ్లు చెప్పిన కారణాలు రెండు: దేశ సార్వభౌమత్వం, ఇంట్లోనే పిల్లలకి చదువు చెప్పుకునే తల్లిదండ్రుల హక్కులు. నాకు రెండూ బలంగా అనిపించలేదు.

డిసెంబర్ 6న జరిగింది మాత్రం నవ్వు తెప్పించేది. అప్పుల పరిమితి పెంచే అధికారం అధ్యక్షుడికే ఇచ్చే ప్రతిపాదనని మెకానెల్ స్వయంగా తెచ్చాడు. డెమోక్రాట్లలోనే సరిపడా ఓట్లు లేవని, వాళ్ల పరువు తీద్దామని ఎత్తు. మెజారిటీ నాయకుడు హ్యారీ రీడ్ మధ్యాహ్నానికల్లా తలకాయలు లెక్కపెట్టుకుని వచ్చి, "సరే, మామూలు మెజారిటీతో ఓటింగ్ పెడదాం" అన్నాడు. మెకానెల్ లేచి అభ్యంతరం చెప్పాడు, ఇంత ముఖ్యమైనదానికి 60 ఉండాలన్నాడు. పొద్దున తెచ్చిన తన బిల్లుని సాయంత్రంలోపు తానే ఫిలిబస్టర్ చేసుకున్నాడు.

తర్వాతి ఏడాది నవ్వుకునేలా లేదు. శాండీ హుక్ స్కూల్లో 20 మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు కాల్పుల్లో చనిపోయాక, తుపాకీ కొనేవాళ్ల వివరాలు సరిచూసే మాంచిన్-టూమీ సవరణ 2013 ఏప్రిల్ 17న 54-46తో ఓడిపోయింది. చదివే మీకు అది "గెలిచినట్టు" కనిపిస్తుంది, 54 ఎక్కువ కదా. 60 రాలేదు కాబట్టి ఓటమి. పైగా ఆ 46లో రీడ్ ఓటు కూడా ఉంది. బిల్లుని తర్వాత మళ్లీ తీసుకురావాలంటే నెగ్గినవైపు, అంటే ఇక్కడ "వద్దు" వైపు, ఓటేసినవాడే అడగాలన్న నియమం కోసం నాయకులు ఇలా కావాలని "వద్దు" వేస్తారు. నలుగురు డెమోక్రాట్లు కూడా వ్యతిరేకించారు, అందరూ తుపాకుల సంస్కృతి బలంగా ఉన్న రాష్ట్రాల వాళ్లే. కాబట్టి అంతా రిపబ్లికన్ల పాపమే అనడం కుదరదు.

2013 నవంబర్ 21న రీడ్ ఓపిక నశించింది. వాషింగ్టన్ డీసీ సర్క్యూట్ కోర్టులో ఖాళీగా ఉన్న మూడు సీట్లకి ప్రతిపాదించిన ముగ్గురినీ రిపబ్లికన్లు ఆపేశారు. మనుషుల మీద అభ్యంతరం కాదు, ఆ కోర్టుకి అంతమంది జడ్జీలు అక్కర్లేదని వాదన. రీడ్ "న్యూక్లియర్ ఆప్షన్" వాడాడు. నియమాల పుస్తకంలో అక్షరం మారలేదు. 60 కావాలని సభాధ్యక్షుడు చెప్పిన తీర్పు తప్పని మెజారిటీతో ఓటేశారు, 52-48. ఆ క్షణం నుంచి సుప్రీంకోర్టు మినహా అన్ని నియామకాలకీ మామూలు మెజారిటీ చాలు. మీరు పశ్చాత్తాపపడతారు, అనుకున్నదానికన్నా ముందే పడతారు అని మెకానెల్ హెచ్చరించాడు. బెదిరింపు అనుకున్నారు. 2014లో సెనేట్ రిపబ్లికన్ల చేతికి వెళ్లింది. 2016 ఫిబ్రవరి 13న జస్టిస్ స్కాలియా చనిపోతే, ఒబామా పెట్టిన మెరిక్ గార్లాండ్ పేరుకి కనీసం విచారణ కూడా జరపలేదు. ఇది కూడా ఫిలిబస్టర్ కాదని గుర్తుపెట్టుకోండి, మెజారిటీ చేతులు కట్టుకుని కూర్చోవడం. ఎన్నికల ఏడాదిలో జనమే తేల్చాలన్నారు. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు మినహాయింపు కూడా ఎత్తేసి గోర్సచ్‌ని 54-45తో నియమించారు. 2020 సెప్టెంబర్‌లో గిన్స్‌బర్గ్ చనిపోయినప్పుడు మాత్రం ఎన్నికలకి ఎనిమిది రోజుల ముందు ఎమీ కోనీ బారెట్‌ని 52-48తో కూర్చోబెట్టారు. జనం తేల్చాలన్న మాట ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక్కడ ఒబామా పట్ల మరీ జాలిపడనక్కర్లేదు. 2003లో చిన్న బుష్ అప్పీళ్ల కోర్టు జడ్జిగా ప్రతిపాదించిన మిగెల్ ఎస్ట్రాడాని డెమోక్రాట్లు ఏడు క్లోచర్ ఓటింగ్‌లలో ఆపి వెనక్కి పంపారు. 2006 జనవరిలో సుప్రీంకోర్టు జడ్జిగా అలిటో నియామకం మీద క్లోచర్‌కి వ్యతిరేకంగా ఓటేసిన 25 మందిలో సెనేటర్ ఒబామా ఒకడు. కుర్చీ మారితే సూత్రం మారుతుంది, రెండు వైపులా.

అధ్యక్షుడికి దొడ్డిదారి లేదా అని మీరు అడగబోతారు. సభ విరామంలో ఉన్నప్పుడు తాత్కాలికంగా నియమించే అధికారం ఉంది. అందుకే సభ విరామంలోకి వెళ్లకుండా చూసుకుంటారు. మూడు రోజులకోసారి ఒక్క సెనేటర్ వచ్చి, సుత్తి కొట్టి, సభ మొదలైందని, ముగిసిందని చెప్పి వెళ్లిపోతాడు. నిమిషం కూడా పట్టదు. 2012 జనవరి 4న ఒబామా "ఇది సభే కాదు" అని నలుగురిని నియమించాడు. 2014 జూన్‌లో సుప్రీంకోర్టు 9-0తో ముగ్గురు కార్మిక బోర్డు సభ్యుల నియామకాలు చెల్లవంది. సభ నడుస్తోందని సభ చెబితే నడుస్తున్నట్టే. రెండో దారి కార్యనిర్వాహక ఉత్తర్వులు. చిన్నప్పుడు అమెరికా వచ్చిన పిల్లలకి చట్టబద్ధత ఇచ్చే డ్రీమ్ యాక్ట్ 2010 డిసెంబర్‌లో 55-41తో ఆగిపోయింది. 2012 జూన్‌లో వాళ్లని దేశం నుంచి పంపెయ్యకుండా తాత్కాలికంగా ఆపే డాకా ఉత్తర్వు వచ్చింది. చట్టం కానిది కాబట్టి అప్పట్నుంచి ఆ పిల్లలు కోర్టుల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు, ఇప్పుడు వాళ్లు పిల్లలు కూడా కాదు.

మనవాళ్లకి నేరుగా తగిలిన దెబ్బ ఒకటి ఉంది. గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఎత్తేసే బిల్లుని ప్రతినిధుల సభ 2019 జులై 10న 365-65తో ఆమోదించింది. అంత మెజారిటీ ఈ రోజుల్లో అరుదు. సెనేట్‌లో మైక్ లీ ఏకగ్రీవ అంగీకారం అడుగుతూ వచ్చాడు. జూన్‌లోనే రాండ్ పాల్ అభ్యంతరం చెప్పాడు, నర్సుల కోటా గురించి. సెప్టెంబర్‌లో డేవిడ్ పెర్డ్యూ. అక్టోబర్‌లో డిక్ డర్బిన్, మొత్తం గ్రీన్ కార్డుల సంఖ్యే పెంచాలని. ఇద్దరు రిపబ్లికన్లు, ఒక డెమోక్రాట్. ఒక్కొక్కరికి ఒక్కో కారణం, ఒక్కొక్కరు ఒక్క వాక్యం. న్యూజెర్సీలో ఎడిసన్ నుంచి టెక్సస్‌లో ఫ్రిస్కో దాకా మన ఇళ్లలో ఫోన్లలో ఆ లైవ్ చూసినవాళ్లకి ఆ "ఐ అబ్జెక్ట్" ఇంకా చెవుల్లో ఉంటుంది. చివరికి 2020 డిసెంబర్ 2న చాలా మార్పులతో సెనేట్ దాన్ని ఏకగ్రీవంగా పాస్ చేసింది. అప్పటికి ప్రతినిధుల సభ వెర్షన్‌కీ దీనికీ పొంతన లేదు, సరిచేసుకునే టైమూ లేదు. జనవరిలో కొత్త కాంగ్రెస్ రాగానే రెండూ చెత్తబుట్టలోకి వెళ్లాయి. సెనేటర్ ఆఫీసులో మాతో మాట్లాడిన సిబ్బంది అందరూ మర్యాదగానే ఉండేవారు, బిల్లు మంచిదనే అనేవారు. అందరూ మంచిదనే బిల్లు ఎలా చచ్చిపోతుందో అక్కడ నేర్చుకున్నాను.

మరి ఈ 60 నియమం ఎందుకు తీసెయ్యరు? 2022 జనవరిలో ఓటు హక్కు బిల్లు కోసం డెమోక్రాట్లు ప్రయత్నిస్తే సొంత పార్టీ సెనేటర్లు జో మాంచిన్, కిర్‌స్టెన్ సినెమా అడ్డం తిరిగారు, 48-52. 2025లో ట్రంప్ తన పార్టీనే బహిరంగంగా అడిగాడు, సెనేట్‌లో వాళ్ల నాయకుడు జాన్ థూన్ ఒప్పుకోలేదు. పైకి సంప్రదాయం అంటారు. లోపల మాట వేరు: సొంత పార్టీ అతివాదుల బిల్లులని "60 రావు" అనే సాకుతో ఆపుకోవచ్చు, రేపు ప్రతిపక్షంలో కూర్చున్నప్పుడు పనికొస్తుంది, ప్రతి సెనేటర్‌కీ విడిగా విలువ ఉంటుంది. నియామకాల విషయంలో మాత్రం తవ్వుతూనే ఉన్నారు. ట్రంప్ నామినీల్లో ఎవరికీ సులువైన ఆమోదం ఇవ్వమని డెమోక్రాట్లు పట్టుబట్టేసరికి, 2025 సెప్టెంబర్ 18న రిపబ్లికన్లు నియమం మార్చుకుని 48 మందిని ఒకే కట్టగా ఆమోదించేశారు.

అదే ఏడాది రెండు ఓటింగ్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. జులై 1న ట్రంప్ పెద్ద పన్నుల బిల్లు 50-50 దగ్గర ఆగితే ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో 51-50గా గట్టెక్కింది, రికన్సిలియేషన్ దారి కాబట్టి. అక్టోబర్ 1 నుంచి ప్రభుత్వాన్ని నడపడానికి కావాల్సిన మామూలు ఖర్చుల బిల్లుకి అదే సభలో, అదే 53 మంది రిపబ్లికన్లతో, పదికి పైగా సార్లు ప్రయత్నించినా 60 రాలేదు. వైద్య బీమా సబ్సిడీలు పొడిగిస్తేనే అని డెమోక్రాట్లు భీష్మించారు. 43 రోజుల షట్‌డౌన్, అప్పటికి దేశ చరిత్రలో అన్నిటికన్నా పొడవైనది. చివరికి ఎనిమిది మంది విడిపోయి అటు ఓటేస్తే నవంబర్ 9న 60-40 అయ్యింది. సబ్సిడీల మీద వాళ్లకి దక్కింది, డిసెంబర్‌లో ఓటింగ్ పెడతామన్న హామీ.